తవుడయ్య, పైడమ్మల సుఖయత్నం

నీలంపేటలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని తవుడయ్యకీ, పెళ్ళాం పైడమ్మకీ గట్టి నమ్మకం. కిరాణా కొట్టాయన "మా సరుకు కళ్ళు మూసుకుని కొనొచ్చు" అన్నాడని, కళ్ళు గట్టిగా మూసుకుని కందిపప్పు కొనే మనుషులు వాళ్ళు. ఇంటికొచ్చి చూసుకుంటే శనగపప్పు. అయినా కొట్లో కళ్ళు తెరవలేదని సంబరం.

అంత తెలివిలోనూ పైడమ్మకి ఒక దిగులుంది. ఒకరోజు ధైర్యం చేసి ఆస్పత్రికెళ్ళి డాక్టర్ వసుంధర గారి చెవిలో వేసింది.

"మావోడు మంచోడే డాక్టరమ్మా. కానీ మంచమెక్కితే బస్సు ఎల్లిపోతన్నట్టు ఒకటే తొందర. నాకు సుఖం అందేలోపు ఆడు గురక అందుకుంటాడు."

డాక్టరమ్మ నవ్వలేదు. "అడిగి మంచిపని చేశావు. ముందు ఎవరి ఒంటిని వాళ్ళు ఒంటరిగా తెలుసుకోండి. తర్వాత ఒకరి ఒంటి మీద ఒకరు కొత్త చోట్లు వెతుక్కోండి. ఏ పనీ తొందరగా చెయ్యకండి" అంది.

ఇంకేముంది! పైడమ్మ ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పింది. ఆమె గదిలో, తవుడయ్య పశువులపాకలో, ఎవరికి వాళ్ళు ఒంటరిగా కూర్చున్నారు. పైడమ్మ మోకాలిని పలకరించింది. "బాగున్నావా? నీ సంగతులేటి?" మోకాలు పలకలేదు.

"ఓలే, నా మోచెయ్యి కూడా ఏటీ చెప్పదే!" పాకలోంచి కేకేశాడు తవుడయ్య.

"కొత్త కదా మావా, మొగమాటం. ఇక చోట్లు ఎతుకుదాం, రా!"

అంతే. మొగుడిని బోర్లా పడుకోబెట్టి, పడిపోయిన ముక్కుపుడక కోసం వెతికినట్టు వెతికింది. వీపు మీద మచ్చ కనబడింది.

"దొరికింది!"

"అది పాతదే. చిన్నప్పుడు దూడ పొడిచింది."

"పాతదైతే చెల్లదు."

పైడమ్మ వేళ్ళు మెడ వెనక్కి పాకాయి. తవుడయ్య ఒళ్ళు జలదరించింది. "అబ్బ! అక్కడే కాసేపు ఉండవే" అన్నాడు.

"ఉండకూడదు. పెళ్ళి నాడే చూశానీ మెడ. కొత్తది కాదు" అని చెయ్యి తీసి చంకలో వెతికింది. అతను చక్కిలిగిలికి మెలికలు తిరిగి నవ్వాడు. ఆమెకీ నవ్వు ఆగలేదు. మళ్ళీ తనే గదిమింది. "నవ్వకు మావా, పని చెడతాది!"

ఇక తొందర మానాలి. మర్నాడు పొద్దున్నే తవుడయ్య చద్దన్నం తిని అరుగు మీంచి మంచానికి బయల్దేరాడు. ఒక కాలు లేపి, గాలిలో ఆపి, ఆలోచించి, దింపుతాడు. మధ్యాహ్నానికి గడప దగ్గరికొచ్చాడు. ఈలోగా గేదె కట్టు తెంపుకుని పొరుగువాళ్ళ తోటకూరలో పడింది. "తోలరా!" అని వాళ్ళు అరుస్తుంటే, "తొందరపడకూడదన్నారు" అంటూ ఒంటికాలి మీద నిలబడ్డాడు. తోటకూర మొత్తం గేదె కడుపులోకి పోయింది. మంచం మీద పైడమ్మకి నిద్ర పట్టింది.

మర్నాడు ఆమె ఏడుపుమొహంతో ఆస్పత్రికెళ్ళి జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెడ దగ్గర బాగుందన్నాడుగా, అదేనే పిచ్చిదానా! ఇద్దరూ నవ్వుకున్నారు, అదీ సుఖమే. ఇంకేమీ వెతక్కండి. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, హాయిగా పక్కపక్కన పడుకోండి."

"ఇంతేనా!" పైడమ్మ పరుగున ఇంటికొచ్చింది. ఇద్దరూ కలిసి వీధి తలుపుని బందుల్లోంచి ఊడబెరికారు. ఈడ్చుకెళ్ళి మంచమెక్కారు. దుప్పటి లాక్కున్నట్టు తలుపుని మీదికి లాక్కుని వేసుకున్నారు.

"బరువుగా ఉందేటే?"

"సుఖమంటే ఊరికే వత్తాదా మావా? ఓర్చుకో."

అప్పుడే పొరుగింటి గవరమ్మ తోటకూర సంగతి తేల్చడానికి వచ్చింది. గుమ్మం బార్లా తెరిచి ఉంది. లోపలికొచ్చి చూస్తే మంచం మీద తలుపు, దాని కిందనుంచి నాలుగు పాదాలు. బిత్తరపోయి, ఏం చెయ్యాలో తోచక, ఆ తలుపునే టకటకా కొట్టింది.

కిందనుంచి పైడమ్మ గయ్యిమంది.

"ఎవరది? తలుపేసుకున్నాం, కనబడట్లేదా? బయటే ఉండు!"