పాగలదిన్నె తల్లికి రంగుచీర కట్టరు

చిల్లవాగు ఉత్తరపు గట్టున, బస్సు దిగిన చోటి నుంచి పదకొండు వందల అడుగులు నడిస్తే పాగలదిన్నె వస్తుంది. ఎక్కడానికి మెట్లు ఇరవై ఏడు. పైన గురవమ్మ తల్లి రంగు అంటని కోరాచీరలో కొలువై ఉంది. ఇక్కడ కుంకుమపూజ లేదు. కారణం తెలుసుకొని మెట్లెక్కవలసిందిగా భక్తులకు మనవి.

పూర్వం ఇక్కడ బసవప్ప నాయుడనే పాలెగాడి కోట ఉండేది. వాగు అవతలి పాలెగాడితో ఆయనకు పగ. ఇరువైపుల బంట్లదీ ఒకే కట్టు, ఒకే యాస. ఒకసారి అవతలివాళ్ళు "మీవాళ్ళమే" అని కేకలేస్తూ వచ్చి కోట తలుపులు తీయించుకున్నారు. అప్పటినుంచి నాయుడికి మనిషి మాట మీద నమ్మకం పోయింది. తన బంట్లు రెండు వందల నలభై మందికీ, తనకూ ఎర్రపాగాలు కావాలని అద్దకపు గురవమ్మను పిలిపించాడు.

"నాలుగు రోజుల్లో కావాలి, గురవమ్మా."

"దొరా, గుడ్డ కరక్కాయ నీళ్ళలో నానాలి, పటిక పట్టాలి, ఎరుపునిచ్చే చిరువేరుతో కాగాలి, వాగులో ఉతికి ఎండాలి. పన్నెండు రోజులకు తగ్గితే రంగు పైపైనే ఉంటుంది. చినుకు పడితే దిగిపోతుంది."

"ఒక్కపూట నిలిస్తే చాలులే. వాళ్ళేమన్నా పెళ్ళికి పోతున్నారా?"

గురవమ్మ వెళ్ళి బానల కింద పొయ్యి రాజేసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఓబులేసు కూడా ఆ బంట్లలో ఒకడు. వాడి పెళ్ళికని పన్నెండు రోజుల పాకంలో అద్దిన పాగా ఇంట్లో సిద్ధంగా ఉంది. నాలుగో రోజున రంగు పైపైనే అంటిన రెండు వందల నలభై కచ్చాపాగాలు కోటకు పంపి, పెళ్ళిపాగాను తన చేత్తో కొడుకు తలకు చుట్టింది. కచ్చాపాగాల మధ్య అది నిప్పుకణంలా ఎర్రగా కనిపించింది.

"ఒరే ఓబులేసూ, యుద్ధానికా, అత్తారింటికా?" అని తోటివాళ్ళు మేలమాడారు.

ఆ నవ్వు విని నాయుడు తిరిగి చూశాడు. "సేనలో నాకంటే ఎర్రగా ఇంకొకడా?" అని ఓబులేసు పాగా తాను పెట్టుకొని, తన పాగా వాడికి విసిరాడు. గురవమ్మ నోరు తెరిచింది. బంట్లందరి ముందు నిజం చెబితే మిగతావన్నీ దొంగ అద్దకమని ఒప్పుకున్నట్టే. మూసుకుంది.

బయలుదేరే ముందు నాయుడు బురుజు మీది విలుకాండ్రకు ఆజ్ఞ ఇచ్చాడు. "అరుపులు నమ్మకండి. తల ఎర్రగా లేనివాణ్ణి కొట్టండి."

మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. వాగు పొంగడంతో శత్రువు ఇటు దాటనే లేదు, అటునుంచి అటే వెనుదిరిగాడు. ఆ పూట యుద్ధమే జరగలేదు. వాన వెలిశాక నాయుడు గుర్రం మీద ముందుగా కోట చేరాడు. ఎర్రపాగాకు దారి ఇచ్చారు. వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు. బంట్లు బతికిపోయామన్న సంతోషంతో పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ పాగాలన్నీ వెలిసి తెల్లబారి ఉన్నాయి.

"మనవాళ్ళమే!" అని ఎంత అరిచినా బాణాలు ఆగలేదు. అరవై ముగ్గురు పడ్డారు. ఓబులేసు తలుపుకు పది అడుగుల దూరంలో పడ్డాడు.

రణదేవి తన ప్రాణం కాపాడిందని నాయుడు శాసనం చెక్కించాడు. గురవమ్మ అరవై మూడు పాగాలు ఏరి వాగు గట్టున పాతి, కొంగుతో మట్టి మోసి దిన్నె పోసింది. రంగుబానలు పగలగొట్టింది. వచ్చిన ప్రతి తల్లి కాళ్ళూ పట్టుకొని, "రంగు నిలవదని నాకు తెలుసమ్మా. నా బిడ్డ ఒక్కడు బతికితే చాలనుకున్నాను," అని చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు కొట్టారు. ఆమె దిన్నె దిగలేదు. కన్నుమూశాక ఆ తల్లులే ఆమెకు కోరాచీర కట్టి గుడి లేపారు. నాయుడి శాసనం ఇప్పుడు గుడికి తొమ్మిదో మెట్టు.

నేటికీ ఫాల్గుణ మాసపు మొదటి ఆదివారం, సైన్యంలో ఉన్న బిడ్డల తల్లులు ఇక్కడ మొక్కు చెల్లిస్తారు. పూజారి పేరడిగినప్పుడు ముందుగా పరాయి తల్లి కన్నబిడ్డ పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పలేనివారి కొబ్బరికాయ ఈ గుడిలో కొట్టరు.