గుంజీల రాజు, గోరింట కంచె

ఒక్క మాట అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. మీ పెరట్లో గోరింటాకు కోసుకుంటానని పక్కింటి పిల్ల వస్తే తరిమేస్తారా? తరిమేవాళ్లు ముందు వరసలోకి రండి. ఈ కథ మీకే!

ఎప్పటి మాటో గానీ, బొజ్జవరం అనే రాజ్యాన్ని లంబోదరసేనుడు ఏలేవాడు. బొజ్జ కరిగించుకోవాలని ఆయన రోజూ తెల్లవారగానే తోటలో గుంజీలు తీసేవాడు. ఎవరైనా చూస్తే పరువేం కావాలి? అందుకని తోట చుట్టూ గోరింట కంచె వేయించాడు. అది పూసిందంటే వీధంతా కమ్మని వాసన!

ఆషాఢం వచ్చింది. ఆడపిల్లలు బుట్టలతో వచ్చారు.

"ఆకు తెంపితే చెయ్యి నరికిస్తా!" అన్నాడు రాజు.

పాపం, పిల్లలు ఉత్త చేతులతో వెళ్లిపోయారు.

తెంపేవాళ్లు లేక గోరింట నిటారుగా పైకి పోయింది. కింద బోసిపోయింది. ఇంకేముంది? రాజు కూర్చుంటే కంచె కింద ఆయన ముఖం కనబడేది, లేస్తే మాయమయ్యేది.

"అదిగో వచ్చాడు! అదిగో పోయాడు!" అని వీధిలో ఒకటే కేరింతలు.

మంత్రి ఎరువు వేయించాడు. కంచె ఇంకా పైకి పోయింది. సేనాపతి కాపలా పెట్టించాడు. భటులూ వంగి రాజునే చూశారు. పురోహితుడు, "కింది ఆకంతా ఎవరో దొంగ మేస్తున్నాడు ప్రభూ" అన్నాడు. వెతికితే తోట మూల బుల్లెమ్మ అనే మేక దొరికింది. మూతి ఎర్రగా పండి ఉంది!

"దీని తల తీయండి!"

"తీద్దురుగాని లెండి మహారాజా. నేను మేసిన మూల ఎలా ఉందో చూశారా?" అంది బుల్లెమ్మ.

"దొంగ మేసిన చోట చూసేదేముంది?"

"చూడకుండానే తీర్పా? బాగుందండీ మీ సభ!"

రాజుకు రోషం వచ్చింది. వెళ్లి చూశాడు. ఆ మూల గోరింట నేల నుంచే గుబురుగా ఉంది, చెయ్యి కూడా దూరలేదు. భటులు కాసిన చోట అన్నీ పుల్లలే.

"కొస తుంచితే పక్కల నుంచి కొత్త కొమ్మలు వేస్తుంది మహారాజా. మీ కంచెను అల్లేది ఆ పిల్లలే. వాళ్లనే తరిమేశారు!"

రాజు తల గోక్కున్నాడు. బుల్లెమ్మను వదిలేశాడు. పొడుగు కొమ్మలు సగానికి కొట్టించి, "గోరింటాకు కోసుకోండహో!" అని దండోరా వేయించాడు. మళ్లీ ఆషాఢం వచ్చేసరికి పిల్లల చేతులు పండాయి, కంచె మూసుకుంది. బొజ్జ మాత్రం తగ్గలేదనుకోండి!

దాచుకున్నది బోసిపోతుంది, పదిమంది చేతులు పడ్డది గుబురెక్కుతుంది. కాబట్టి లేవండి, పెరటి తలుపు తీయండి, ఆ పక్కింటి పిల్లని మీరే పిలవండి!