కుర్చీలో బీడీ చాట

జుమా నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక జహీర్ తన గురువు యాకూబ్ షా ఎదుట నిలబడే మాట్లాడాడు.

"పోశవ్వకు ఇచ్చిన కుర్చీ తిరిగి తీసుకుందాం హజ్రత్. దాని విలువ ఆమెకు తెలియదు."

జహీర్ పట్నంలో ఏడాదిపాటు సెరిబ్రల్ పాల్సీ పిల్లల సంరక్షణ నేర్చి వచ్చినవాడు. మెడ నిలవని, ఒళ్లు కర్రలా బిగుసుకుపోయే పిల్లలకు కొలతలు తీసి తానే చెక్కకుర్చీలు చేసేవాడు. ప్రతి శుక్రవారం బీడీ కార్మికుల వాడలో ఇల్లిల్లూ తిరిగి చూసేవాడు. వాడవాళ్లు అతనికి కుర్చీ సారు అని పేరు పెట్టారు. అది మర్యాదో వేళాకోళమో అతడు ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ ఉదయం పోశవ్వ ఇంట్లో, ఆమె కొడుకు నరేశు కుర్చీలో బీడీ ఆకుల చాట ఉంది. పిల్లవాడు తల్లి కాళ్లమీద వెల్లకిలా పడి జావ తాగుతున్నాడు.

యాకూబ్ షా చేతికర్ర అందుకున్నాడు. "పద, బేటా."

వాళ్లు వెళ్లేసరికి పోశవ్వ బీడీలు చుడుతూనే ఉంది. జహీర్ గడపలోనే అడిగాడు. "పండబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పలేదా?"

"చెప్పినవు సారూ."

"మరి?"

"కుర్చీల కూసవెడితే రెండు చేతులూ వానికే గావాలె. కాళ్లమీద ఏసుకుంటే నడుమ నడుమ ఓ చెంచ పోస్త. నానవెట్టిన ఆకు ఆరితే చినుగుతది. మాపటికి కార్ఖానాల కట్టలు అప్పజెప్పకుంటే రేపు ఆకియ్యరు."

గురువు చాట దించి ఆమె ముందు పెట్టాడు. నరేశును ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. పొయ్యి దగ్గరి మెత్తటి అన్నం గిన్నె జహీర్ చేతిలో ఉంచి, తాను గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మొదటి ముద్దను పిల్లవాడి నాలుకే బయటకు తోసేసింది. రెండవది గొంతులో అడ్డుపడింది. దగ్గు తగ్గేదాకా జహీర్ ఆగాడు. తల పట్టుకుంటే గిన్నె ఒరిగింది, గిన్నె పట్టుకుంటే తల వాలింది. మూడో ముద్దకు తొందరపడితే పిల్లవాడు పళ్లు బిగబట్టాడు.

"సారుకు చెమటలు వడుతున్నయి," అంది పోశవ్వ, ఆకు మీది నుంచి చూపెత్తకుండా. "తువ్వాల ఇయ్యాల్నా?"

గంట దాటింది. గిన్నెలో సగం మిగిలే ఉంది. పిల్లవాడు అలసి నిద్రలోకి జారాడు. జహీర్ మోకాళ్లు పట్టుకుని లేచాడు.

పోశవ్వ చుట్టిన కట్టలను చేత్తో తడిమి చూసుకుంది. "ఇయ్యాల ఎలుగుండంగనే అయిపోయేటట్టున్నయి. రేపు గూడ వస్తవా సారూ?"

ఆ వాడలో అతడు చూడవలసిన ఇళ్లు మరో పద్దెనిమిది ఉన్నాయి. జహీర్ గిన్నె ఆమె పక్కన పెట్టి గడప దాటాడు.

ఇద్దరూ వాడ చివరికి వచ్చారు. అక్కడ జహీర్ ఆగాడు. "నేను ఆమెకు నేర్పింది తప్పా, హజ్రత్?"

"నువ్వు నేర్పింది నిజమే," అన్నాడు గురువు. "కానీ వచ్చే శుక్రవారం నువ్వు మళ్లీ వచ్చేలోగా ఆమె రెండు చేతులమీదే వాడు ఇరవై పూటలు తినాలి."