ఓబులమ్మ చదివిన కాగితం

నరసప్ప మాస్టారికి వాదన గిట్టదు. ఎవరేమడిగినా ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. ఆయన దగ్గర చదువుకుని, ఆయనలాగే కూలిజనానికి బడి నడుపుతున్న ఏసుదాసు ఒకనాడు విసిగిపోయి వచ్చాడు.

"అయ్యా, పేదవాడికి న్యాయం పోరాడితే వస్తుంది. అరవయ్యేళ్ల వాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తే వస్తుందా?"

మాస్టారు కండువాతో కళ్లజోడు తుడుచుకుని చెప్పసాగారు.

కొండమిట్ట పేటలో ఓబులమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాక మేకలు మేపి ముగ్గురు పిల్లల్ని సాకింది. పేట వెనక గుట్టే వాళ్లకు మేత, వంటచెరకు. చచ్చినవాళ్లను పెట్టేదీ దాని వాలులోనే. ఆ గుట్టలోని నల్లరాయి మీద పట్నం గుత్తేదారు ఒకడి కన్ను పడింది.

ఒక ఉదయం అధికారి ఒకాయన పేటకొచ్చి బల్ల వేయించుకున్నాడు. "మీ వీధికి సిమెంటు రోడ్డు వస్తోంది. అందరూ ఈ కాగితం మీద వేలిముద్రలు వేయండి" అన్నాడు. వయసులో పెద్దదని ముందుగా ఓబులమ్మను పిలిచాడు. వేలికి సిరా అద్దబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సదువుకుంటా సార్."

ఆమె మాస్టారి బడిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. ఒత్తులింకా సరిగా పట్టుబడలేదు. కాగితం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకే చదవసాగింది. మొదటి వరుసకు పేటవాళ్లే నవ్వారు. మూడో వరుసలో గుట్ట పేరు వినబడేసరికి నవ్వులు ఆగిపోయాయి. రోడ్డు మాట ఎక్కడా లేదు.

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఇట్లా చదివితే పొద్దుగూకుతుంది. అందులో ఏముందో నేను చెప్పాను కదమ్మా!"

"మా అమ్మా, మా అవ్వా ఇనే ఏసినారు సార్ ముద్రలు. నేను సూసి ఏస్తా."

చివరి వరుసలో ఒక మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. 'మ' కింద ఇంకో 'మ'. ఎంత తంటాలు పడ్డా నోరు తిరగలేదు. సిగ్గుపడకుండా అధికారినే అడిగింది. పేటంతా ఆయన మొహంలోకే చూస్తోంది.

"సమ్మతి" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"అంటే?"

"ఒప్పుకోవడం."

"గుట్ట ఇచ్చేదానికి ఎవురు ఒప్పుకున్నారు సార్?"

ఎవరూ కేకలు వేయలేదు. జనమంతా బల్ల చుట్టూ నేలమీద కూర్చున్నారు. ఆ కాగితం మీద ఒక్క ముద్ర కూడా పడలేదు. మర్నాడు మండలాఫీసు ముందు కూర్చున్నారు. ఎండా వానా లెక్కచేయక పదకొండు రోజులు కూర్చున్నాక, గుట్ట జోలికి రామని అధికారులు రాసిచ్చారు. ఆ రాసిచ్చినదాన్నీ ఓబులమ్మ వాళ్లను నిలబెట్టి చదివాకే తీసుకుంది.

ఏసుదాసు అడిగాడు:

"ఆవిడ చదువు ఎంతవరకు సాగిందయ్యా?"

"సరిగా చెప్పలేను నాయనా" అన్నారు మాస్టారు. "గుట్ట దక్కిన మర్నాటి నుంచి బడికొచ్చిన జనంలో ఆవిడెక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది."