గెడ్డ ఒడ్డున పిలుపుబడి

రండర్రా, ఇటు జరిగి కూర్చోండి. వెనకవాళ్ళు ఎండలో ఉన్నారు, కాస్త చోటివ్వండి.

జీడితోటలు దాటి మన ఊరికి వచ్చేవారికి ముందుగా కనబడేది గెడ్డ వాగు, దాని ఒడ్డున ఈ పెంకుల బడి. ఇది సర్కారుది కాదు. ఊరివాళ్ళు తలా ఇంత గింజ వేసి నడుపుకునేది. ఇక్కడ అయిదేళ్ళు చదివిన పిల్లలు పట్నంలోని పెద్దబడి పరీక్షకు వెళ్తారు. రోజూ హాజరు ముగిశాక పంతులమ్మ గెడ్డ వైపు తిరిగి "నూకాలూ" అని పిలుస్తుంది. పిల్లలందరూ "దారిలో ఉందండి" అంటారు. కొత్తవారు ఆ పిల్ల ఎవరని అడుగుతారు.

పూర్వం ఇక్కడ వరహాలమ్మ అనే ఆమె తన మేకల పాక కడిగించి బడి పెట్టింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ పాకలో మొదట చేరినవాళ్ళలో నూకాలు ఒకతె. లెక్క సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది. "నన్ను ఊపిరి తీసుకోనివ్వవే" అని వరహాలమ్మ మురిపెంగా విసుక్కునేది. పెద్దబడికి ఇక్కడి నుంచి మొదట వెళ్ళేది నూకాలేనని ఊరంతా అనుకున్నారు.

పరీక్ష దగ్గరపడుతుండగా ఆ పిల్ల తల్లిదండ్రులు ఇటుకబట్టీల పనికి బయల్దేరారు. పిల్లను తన దగ్గర ఉంచమని అడగడానికి వరహాలమ్మ పొద్దున్నే గెడ్డకు పరుగెత్తింది. అప్పటికే వాళ్ళు ఆవలి గట్టు ఎక్కుతున్నారు. నూకాలు నెత్తిన తట్ట, తట్టలో పలక. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బయల్దేరినవాళ్ళను వెనక నుంచి పిలిస్తే కీడంటారు కదా. వరహాలమ్మ నోరు నొక్కుకుంది. పిల్ల వెనక్కి తిరగలేదు.

వానలు పడ్డాయి. బట్టీలకు వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. నూకాలు వాళ్ళ తలుపు మాత్రం తెరుచుకోలేదు. అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయారన్నారు, అంతే. కొన్నాళ్ళకు వరహాలమ్మకు కలలో ఆ పిల్ల ఆవలి గట్టున తట్టతో నిలబడి కనిపించింది.

"పిలిత్తే ఆగిపోదును కదా, పంతులమ్మా."

ఆ పొద్దున హాజరు చివర వరహాలమ్మ గెడ్డకేసి తిరిగి పిలిచింది.  మళ్ళీ పిలిచి, అటే చూస్తూ నిలబడిపోయింది. చూడలేక ముందు వరుసలోని పిల్ల ఒకతె లేచి, "దారిలో ఉందండి" అంది.

రోజూ ఆ మాట వింటూనే వరహాలమ్మ ముసలిదయింది, వింటూనే పోయింది. నూకాలు రాలేదు.

ఆనాటి నుంచి మన ఊళ్ళో బడిపిల్లను వెనక నుంచి పిలిస్తే దోషం లేదు. బట్టీల కాలం రాగానే పంతులమ్మ గట్టున నిలబడి పేరుపేరునా పిలుస్తుంది. పిలిచిన పిల్లను బడి దగ్గరే ఉంచి వెళ్ళడం కన్నవాళ్ళకు ఆచారం. ఆ పిల్లలకు ఇంటికొక పూట అన్నం పెడతారు. అలా పెట్టిన ఇంట గాదె ఖాళీ కాదని నమ్మకం. మీలోనూ ఉన్నారు, అలా ఆగినవాళ్ళు.

సరే, ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. దారిలో గెడ్డ అవతల ఎవరైనా ముసలమ్మ ఆగి ఇటు చూస్తుంటే, ఒక్కసారి "నూకాలూ" అని పేరు పెట్టి పిలవండి.