ఉన్ని వర్తకుడినన్న తమ్ముడు

అనగనగా, మన గోదారికి ఎంతో దూరాన, హెరాత్ అనే ఊళ్ళో ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు తల్లీ. అక్క సఫియా, తమ్ముడు ముయీన్. అమ్మానాన్నా లేరు. అక్కే తమ్ముణ్ణి పెంచింది, నక్షత్రాల చదువు చెప్పింది. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి పిల్లలకి చదువు చెప్పేవాళ్ళు.

అప్పుడు మంగోలుల దండు వచ్చిపడింది. వాళ్ళు అడుగుపెట్టిన ఊరల్లా బూడిదే. చదువుకున్నవాళ్ళని మాత్రం చంపకుండా కట్టి తీసుకుపోతున్నారట.

"అక్కా, పోదాం పద" అన్నాడు ముయీన్.

"ఈ పసివాళ్ళని తల్లుల దగ్గరికి చేర్చి వస్తాన్రా. నువ్వు ముందు నడు. ప్రతి సత్రంలో నీ పేరు చెప్పి వెళ్ళు. నీ పేరు అడుగుతూ వెనకాలే వచ్చేస్తా" అంది సఫియా.

ముయీన్ బయల్దేరాడు. మొదటి సత్రంలో "పేరేంటి నాయనా?" అన్నారు. నిజం చెబితే, చదువుకున్నవాడని తెలిసి మంగోలులకి పట్టిస్తారేమోనని భయమేసింది. "సాలార్. ఉన్ని వర్తకుణ్ణి" అనేశాడు. రెండో సత్రంలోనూ అదే మాట. మూడో సత్రం గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అయినా నిజం నోటికి రాలేదు, పాపం.

ఆ తర్వాత ఢిల్లీ చేరాడు. అక్కడ భయం లేదు, తన అసలు పేరే చెప్పుకున్నాడు. సుల్తాను ఇల్లిచ్చాడు, శిష్యులు చేరారు. పడమటి నుంచి ఎవరొచ్చినా "మా అక్క సఫియా కనిపించిందా?" అని అడిగేవాడు. ఎవరూ చూడలేదు. హెరాత్‌లోనే పోయిందనుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చాడు.

ఏళ్ళు గడిచాక, హెరాత్ నుంచి ఢిల్లీ వచ్చే దారిలో ఉన్న ముల్తాను నుంచి ఒక అమ్మాయి, ఆయన పేరు విని వెతుక్కుంటూ వచ్చింది.

"హెరాత్ ముయీన్ గారు మీరేనా? మా గురువమ్మ సఫియా తమ్ముడు?"

"అక్క బతికుందా?"

ఆ అమ్మాయి తలొంచుకుంది. "పోయిన చలికాలంలో పోయిందండీ. దారంతా మీకోసం అడిగిందట. ముయీన్ అనేవాడెవడూ రాలేదన్నారట. మీరే వెనకబడ్డారనుకుంది. ఇవాళో రేపో వస్తారని, ముల్తానులో బాట పక్కనే ఇల్లు తీసుకుని ఎదురుచూసింది."

అప్పుడు ముయీన్ ఢిల్లీ వదిలి ముల్తాను వెళ్ళాడు. సమాధి మీద చెయ్యేసి "భయం వేసిందే అక్కా" అన్నాడు.

మళ్ళీ వెనక్కి రాలేదు. బాట పక్క ఇంట్లోనే ఉండి, అక్క సగంలో వదిలిన పాఠాలు ఆ ఊరి పిల్లలకి పూర్తి చేశాడు. బాగానే చెప్పాడట. ఏం లాభం తల్లీ, మెచ్చుకోవాల్సిన మనిషి లేదుగా.

కథేమో కంచి దారి పట్టింది,
నా బంగారుతల్లికి కునుకు పట్టింది.