వచ్చిందా మాస్టారూ?

ఆ వారమంతా హేమచంద్రకి కాలు నేలమీద ఆనడం లేదు. పక్కన పెద్దలెవరూ లేకుండా ప్రోస్టేట్ ఆపరేషన్ మొదటిసారి తన చేత్తో చేశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. అలాంటిది, ఈ పొద్దున పైపు తీసేశాక పేషెంటుకి మూత్రం రావడం లేదు.

పేషెంటు సోమయాజులుగారు, రిటైరైన లెక్కల మాస్టారు. నర్సు సునంద చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఆ అభిమానం కొద్దీ మాటిమాటికీ తెర జరిపి, "వచ్చిందా మాస్టారూ?" అని అడుగుతోంది. ఆయన మూత్రం పట్టే సీసాని దుప్పటి కింద దాచుకుని తల అడ్డంగా ఊపుతున్నారు.

అంతలో పరాంకుశంగారు రౌండ్స్‌కి వచ్చారు. ఇదే పనిలో తల పండిన సర్జను, హేమచంద్రకి గురువు. వెనకాల విద్యార్థుల గుంపు.

"లోపల కాస్త కండ మిగిలినట్టుంది సార్. మధ్యాహ్నం మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి చూస్తాను" అన్నాడు హేమచంద్ర.

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. హేమచంద్రకీ ప్రాణం ఉసూరుమంటోంది. తొలి ఆపరేషనే మళ్ళీ చెయ్యాల్సి రావడమంటే చిన్న విషయమా!

పరాంకుశంగారు మాస్టారి పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూశారు. "కంగారేం లేదు, ఇంకాసేపు ఆగొచ్చు" అని శిష్యుడి వైపు తిరిగారు.

"పొద్దున్నించీ ఒంటికి వెళ్ళావా?"

"లేదు సార్. తీరిక చిక్కలేదు."

ఆయన ఖాళీ సీసా ఒకటి అతని చేతిలో పెట్టి, పక్కనున్న ఖాళీ మంచం తెర చూపించారు. "వెళ్ళు. మేమంతా ఇక్కడే ఉంటాం."

గురువుగారి మాటకి ఎదురు చెప్పే అలవాటు హేమచంద్రకి లేదు. వెళ్ళాడు. తెర కింద నుంచి అందరి చెప్పులూ కనిపిస్తున్నాయి. ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. పదేళ్ళు మూత్రకోశం గురించే చదివినవాడికి, సొంత మూత్రకోశం మాట వినడం లేదు.

"వచ్చిందా?" బయట నుంచి గురువుగారి గొంతు.

"లేదు సార్."

కాసేపాగి మళ్ళీ, "వచ్చిందా?"

హేమచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గేసింది. ఆ వెనకే ఇంకో సిగ్గు, మొదటిదానికన్నా పెద్దది.

బయటికొచ్చి విద్యార్థులని టీకి పంపించాడు. సునందకి వేరే పని చెప్పాడు. మాస్టారిని చెయ్యి పట్టుకుని బాత్రూం దాకా నడిపించి, లోపల కుళాయి తిప్పి, "ఎంతసేపైనా ఉండండి మాస్టారూ. అవసరమైతే ఒక్క కేక వెయ్యండి" అని తలుపు దగ్గరగా వేశాడు. వరండా చివరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం వేరే ఆపరేషన్‌కి వెళ్తుంటే థియేటర్ గుమ్మంలో పరాంకుశంగారు ఎదురయ్యారు.

"ఏమయ్యా, మాస్టారికి వచ్చిందా?"

"నేను అడగలేదు సార్. ఆయనే పిలిచి చెప్పారు."

గురువుగారు పక్కకి జరిగి, శిష్యుడు ముందు వెళ్ళేదాకా థియేటర్ తలుపు తెరిచి పట్టుకున్నారు.